మీకు తెలుసా? దీవుల్లో విశ్వాస ప్రమాణం

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో ప్రతి వందమందిలో 21 మంది క్రైస్తవులు. నికోబార్ జిల్లాను విడిగా చూస్తే పదిమందిలో ఏడుగురు. మాతృభాషల వరసలో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో స్థానం తెలుగుదే. దాదాపు 13 శాతం మంది తమది తెలుగని రాయించుకున్నారు. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం దాకా ఉన్న తీరం మీద పుట్టి, ఓడెక్కి వెళ్లి అక్కడే ఇళ్లు కట్టుకున్న కుటుంబాలు వీరిలో చాలా ఉన్నాయి.

ఈ దీవుల క్రైస్తవులందరూ ఒకే తాను ముక్కలు కారు. నికోబారీలు ఎక్కువగా చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియా సభ్యులు. 1918 మొదలు ఛోటా నాగ్‌పూర్ నుంచి అడవి పనులకు వచ్చి, సాద్రీ మాట్లాడే ‘రాంచీ’ జనంలో కతోలికులు అధికం. మాయాబందర్ వైపు బర్మా నుంచి వచ్చిన కరెన్‌లు బాప్టిస్టులు. మలయాళీలలో సిరియన్ సంప్రదాయంవారున్నారు. తెలుగువారిలో బాప్టిస్టులు, లూథరన్లు, పెంతెకొస్తులు ఉన్నారు. ఇన్ని భాషల, ఇన్ని సంఘాల మనుషులను కలిపి ఉంచేదేమిటని వెతికితే కొద్ది వాక్యాల విశ్వాస ప్రమాణం కనిపిస్తుంది. దాన్ని ప్రతి ఆదివారం నిలబడి చెప్పేవారు ఆ దీవుల్లో ఉన్నారు. ఆరాధనలో చెప్పకపోవడమే తమ విశ్వాసంలో భాగమనుకునేవారూ ఉన్నారు. ఈసారి శీర్షిక ఈ రెండు వర్గాల గురించి.

తెలుగు అచ్చులో తొలి పుటలు

తెలుగులో అచ్చయిన మొట్టమొదటి పుస్తకాల్లో విశ్వాస ప్రమాణం ఉందని మీకు తెలుసా? 1746లో జర్మనీలోని హాలే నగరంలో బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ మార్టిన్ లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరి తెలుగు అనువాదాన్ని అచ్చు వేయించాడు. దానికి ముందు ఆయన డేనిష్ వారి తరంగంబాడిలో, ఆ తర్వాత మద్రాసులో ఏళ్ల తరబడి పనిచేశాడు. లూథర్ ఆ ప్రశ్నోత్తరిని 1529లో రాశాడు. అంతకు కొద్దికాలం ముందు శాక్సనీ పల్లెల్లో తిరిగి, అక్కడి జనానికీ కొందరు బోధకులకూ కూడా క్రైస్తవ విశ్వాసపు మొదటి పాఠాలు తెలియవని చూసి కలత చెందాడు. పది ఆజ్ఞలు, అపొస్తలుల విశ్వాస ప్రమాణం, ప్రభువు నేర్పిన ప్రార్థన ఇవే ఆ పుస్తకానికి ప్రాణం. ఇంటి యజమాని తన ఇంటివాళ్లకు నేర్పుకోవడానికి తగినంత చిన్నదిగా ఉండాలని ఆయన కోరిక. మన అచ్చు చరిత్ర గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి అరుదుగా వినిపిస్తుంది. మరింత తరచుగా వినిపించాల్సిన విషయమిది.

నికోబార్ కథ కూడా అదే తరంగంబాడి నుంచి మొదలవుతుంది. 1750ల నడుమ డేనిష్ కంపెనీ తరంగంబాడి నుంచే నికోబార్ దీవుల మీద హక్కు ప్రకటించుకుంది. అక్కడికి వెళ్లడానికి డెన్మార్క్ రాజు మొరేవియన్ సహోదరులను పిలిపించాడు. వారు 1760లో తరంగంబాడి చేరారు, 1768లో నాన్‌కౌరీ ప్రాంతంలో దిగారు. అప్పటికే తరంగంబాడిలో ఉన్న హాలే మిషనరీలకు వీళ్లంటే అనుమానం. ఇద్దరూ లూథర్ బాటలోవారే, ఇద్దరూ భక్తిపరులే. కానీ హాలేవారు సిద్ధాంత శుద్ధి మీద పట్టు ఎక్కువగా ఉన్నవారు. మొరేవియన్లు క్రీస్తు గాయాల ధ్యానానికి, హృదయానుభవానికి పెద్ద పీట వేసేవారు. ఒకే ఊళ్లో రెండు గుంపులూ ఒకరినొకరు పక్క చూపులు చూసుకుంటూ బతికాయి. నికోబార్‌లో మొరేవియన్లను జ్వరాలు ఒకరి తర్వాత ఒకరిని పొట్టన పెట్టుకున్నాయి. 1787లో వారు ఆ దీవులను వదిలేశారు. వారిలో చివరిదాకా ఉన్న హెన్సెల్ తర్వాతి కాలంలో రాసిన ఉత్తరాలు నికోబార్ గురించిన విలువైన పాత వర్ణనల్లో ఒకటిగా మిగిలాయి.

కాగితం మీద రాయకూడదు

నాలుగో శతాబ్దంలో యెరూషలేము బిషప్ సిరిల్ బాప్తిస్మానికి సిద్ధమవుతున్నవారికి విశ్వాస ప్రమాణాన్ని కాగితం మీద రాసుకోవద్దని, కంఠతా పట్టి గుండెలో రాసుకోమని చెప్పాడు. ఉత్తర ఆఫ్రికాలో బిషప్ ఆగస్టీన్ కూడా తన శిష్యులకు ఇదే చెప్పాడు. బాప్తిస్మానికి కొద్దిరోజుల ముందు గురువు దాన్ని నోటితో అప్పగించేవాడు. శిష్యుడు నేర్చుకుని తిరిగి అప్పజెప్పేవాడు. అంతకన్నా పాత రోజుల్లో ప్రమాణం ప్రశ్నల రూపంలో ఉండేది. తండ్రిని నమ్ముతున్నావా, కుమారుణ్ణి నమ్ముతున్నావా, పరిశుద్ధాత్మను నమ్ముతున్నావా అని మూడుసార్లు అడిగేవారు. మూడు జవాబులకు మూడుసార్లు నీళ్లలో ముంచేవారు. ఇప్పుడు మనం పుస్తకం తెరిచి చదివే ప్రమాణం ఆ మూడు జవాబుల నుంచే పెరిగింది.

చదువు అందని చోట ఈ నోటి పద్ధతి ఎంత దూరం తీసుకెళ్లగలదో తెలుగు నేల చూపించింది. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో డోర్నకల్ వచ్చాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. ఆయన అధ్యక్షతలో చేరినవారిలో అత్యధికులు పొలం కూలీలు, అక్షరం ముక్క రానివారు. పగలంతా పని చేసి చీకటి పడ్డాక గుడికి వచ్చేవారు. పల్లె ఉపాధ్యాయుడు ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన ఒక్కో మాట పలికించి నేర్పేవాడు. సువార్త కథలను పాటలుగా కట్టి పాడించేవారు. మాలపల్లి, మాదిగపల్లి జనం చదువుకోవడం తగదని ఊరు అనుకుంటున్న రోజులవి. ఆ రోజుల్లో ఒక కూలీ తల్లి దేవుడు సృష్టికర్త అనే మాటను అందరి ముందూ నిలబడి తన నోటితో చెప్పింది. సిద్ధాంతమంటే పండితుల సొత్తు అనుకునేవారు ఆ దృశ్యాన్ని తలచుకోవాలి.

‘మేము’ ఎవరు, ‘నేను’ ఎవరు?

నమ్మేది ఒక్కో మనిషా, సమూహమా అన్న ప్రశ్నకు నికోబార్‌లో ప్రత్యేకమైన బరువుంది. కార్ నికోబార్‌లో భూమి, కొబ్బరి తోట, పందులు ‘తుహెత్’ అనే పెద్ద ఉమ్మడి కుటుంబానివి. ముఖ్యమైన నిర్ణయాలు ఒంటరి మనిషి తీసుకునేవి కావు. అలాంటి సమాజంలోకి 1890ల నడుమ వేదప్పన్ సాలొమన్ అనే తమిళ ఉపదేశి ప్రభుత్వ ప్రతినిధిగా అడుగుపెట్టాడు. ముస్ గ్రామంలో బడి పెట్టాడు. ఆ బడిలో చదివిన పిల్లల్లో ఒకడికి ఇంట్లో పెట్టిన పేరు హాచెవ్‌కా. ఆ పిల్లవాడే తర్వాత బర్మాలోని మాండలే వెళ్లి చదువుకుని తిరిగొచ్చిన జాన్ రిచర్డ్‌సన్.

ఉపాధ్యాయుడిగా మొదలై, 1934లో గురువుగా అభిషేకం పొంది, 1950లో సహాయ బిషప్ అయిన రిచర్డ్‌సన్ జీవితం ఒక్కటే పెద్ద పుస్తకానికి సరిపోతుంది. కొత్త నిబంధనను కార్ నికోబారీ భాషలోకి తెచ్చాడు. పిల్లలకు అక్షరాలతో పాటు ఫుట్‌బాల్ నేర్పాడు. 1942 నుంచి 1945 వరకు దీవులు జపాను సైన్యం చేతిలో ఉన్నప్పుడు గూఢచారులన్న నెపంతో ఎందరో నికోబారీలను హింసించి చంపారు. రిచర్డ్‌సన్‌ను చెరలో వేశారు. మరణశిక్ష కూడా ఖరారైంది. యుద్ధం ముగియడంతో ప్రాణం దక్కింది.

యుద్ధానికి ముందు ఆ దీవిలో క్రైస్తవులు కొద్దిమందే. యుద్ధం తర్వాత కొన్నేళ్లలోనే కార్ నికోబార్‌లో అత్యధికులు బాప్తిస్మం తీసుకున్నారు. చాలావరకు కుటుంబాలుగా, ఊళ్లుగా తీసుకున్నారు. ఇలా గుంపుగా మారితే అది నిజమైన విశ్వాసమేనా అని బయటివారు అడుగుతుంటారు. ఇలా అడిగేవారికి విశ్వాస ప్రమాణం చరిత్రలోనే జవాబుంది.

క్రీస్తు శకం 325లో చక్రవర్తి కాన్‌స్టాంటైన్ నైసియాలో బిషప్పులను సమావేశపరిచాడు. ఆ ఊరు ఇప్పటి తుర్కియేలోని ఇజ్నిక్. వచ్చినవారు 318 మంది అని సంప్రదాయం చెబుతుంది. కుమారుడు సృష్టి అయిన ఒక జీవి అని బోధించిన ఆరియస్‌ను కాదని, కుమారుడు తండ్రితో ఒకే స్వభావం గలవాడని అక్కడ తేల్చారు. అక్కడ తయారైన ప్రమాణం ‘మేము నమ్ముచున్నాము’ అన్న ధోరణిలో, బహువచనంలో ఉంటుంది. బాప్తిస్మం తొట్టి దగ్గర పుట్టిన అపొస్తలుల విశ్వాస ప్రమాణం మాత్రం ఏకవచనం. నీళ్లలో దిగేది ఒక్కొక్కరే కాబట్టి. సంఘం సంఘంగా నమ్ముతుంది, మనిషి మనిషిగా నమ్ముతాడు. క్రైస్తవం మొదటి నుంచీ రెండింటినీ ఉంచుకుంది. అందుకే తుహెత్ మొత్తం కలిసి ముందుకు రావడంలో లోపం ఉందని నేను అనుకోను. ఆ తర్వాత ప్రతి పిల్లవాడికీ, ప్రతి పిల్లకూ ప్రమాణాన్ని తనదిగా చెప్పగలిగేలా నేర్పారా లేదా అన్నదే అసలు పరీక్ష. రిచర్డ్‌సన్ తన జీవితమంతా ఆ పని మీదే పెట్టాడు.

ఆయన 1952లో తొలి లోక్‌సభకు నామినేట్ అయ్యాడని, 1965లో పద్మశ్రీ, 1975లో పద్మభూషణ్ అందుకున్నాడని కూడా గుర్తుంచుకోండి. 1966లో దీవులకు సొంత అధ్యక్ష మండలం ఏర్పడినప్పుడు తొలి బిషప్ ఆయనే. 1978లో కన్నుమూశాడు.

నైసియా పక్కన రెండు చిన్న సంగతులు. మనం ఆదివారాల్లో నైసియా ప్రమాణంగా చెప్పేది అచ్చంగా 325 నాటిది కాదు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభతో ముడిపడిన, ఇంకాస్త పెద్ద రూపమిది. పరిశుద్ధాత్మను గురించిన వివరణ ఇందులోనే ఉంది. రెండోది, అయిదో శతాబ్దపు చరిత్రకారుడు సైజికస్ గెలాసియస్ ఇచ్చిన జాబితాలో నైసియాకు వచ్చినవారిలో పర్షియాకూ ‘మహా భారతానికీ’ చెందిన యోహాను అనే బిషప్ పేరుంది. ఆ జాబితా ఎంత నమ్మదగినదన్న దానిపై పండితులకు భేదాభిప్రాయాలున్నాయి. అయినా అప్పటికే భారతదేశపు పేరు సంఘ జాబితాల్లోకి చేరిందన్నది ఆసక్తి కలిగించే విషయం.

ఇద్దరే మనుషులు

విశ్వాస ప్రమాణంలో యేసును మినహాయిస్తే ఇద్దరు మనుషుల పేర్లే వస్తాయి. ఒకరు కన్య మరియ. ఇంకొకరు శిష్యుడు కాడు, ప్రవక్త కాడు, సిలువ శిక్ష వేసిన రోమా అధికారి పొంతి పిలాతు. ఇతను క్రీ.శ. 26 నుంచి 36 వరకు యూదయను పాలించాడు. 1961లో కైసరయ శిథిలాల్లో ఇతని పేరు చెక్కిన రాయి దొరికింది. ఇతనికి ప్రమాణంలో చోటెందుకు? తాము నమ్మేది ఎప్పుడో ఎక్కడో జరిగిన కట్టుకథ కాదు, ఫలానా అధికారి కాలంలో ఫలానా దేశంలో జరిగిందని తొలి క్రైస్తవులు గట్టిగా చెప్పదలచుకున్నారు. పేరుతో పాటు కాలాన్నీ నిలబెట్టారు.

పన్నెండుమంది అపొస్తలులు తలా ఒక వాక్యం చెప్పగా అపొస్తలుల విశ్వాస ప్రమాణం తయారైందని పాత కథ ఒకటుంది. అయిదో శతాబ్దం తొలినాళ్లలో రుఫినస్ రాసిన వ్యాఖ్యలో అపొస్తలులంతా కూడి దాన్ని కూర్చారన్న మాట ఉంది. నిజానికి ఆ ప్రమాణం రోమా సంఘపు బాప్తిస్మ వాక్యాల నుంచి నెమ్మదిగా పెరిగి, మనం చెప్పే రూపానికి ఎనిమిదో శతాబ్దంలో వచ్చింది. అయితే దాని వేళ్లు అపొస్తలుల దాకా వెళ్లలేదా? వెళ్లాయి. క్రీ.శ. 55 ప్రాంతంలో కొరింథు సంఘానికి రాసిన మొదటి ఉత్తరం పదిహేనో అధ్యాయంలో పౌలు, తాను అందుకున్నదాన్నే మీకు అప్పగించానంటూ క్రీస్తు మరణం, సమాధి, మూడోరోజు లేవడం, కేఫాకు కనిపించడం వరసగా చెబుతాడు. విశ్వాసాన్ని చిన్న వాక్యాలుగా కట్టి చేతులు మార్చడం బైబిల్లోనే మొదలైంది. ప్రమాణాలు మనుషులు తర్వాత పుట్టించినవి, బైబిలుకు బయటివి అనేవారు ఈ అధ్యాయం ఒక్కసారి తీసి చూడాలి.

ప్రమాణం లేని సంఘం

2025లో నైసియా సభకు 1700 ఏళ్లు నిండాయి. పోప్ లియో XIV, కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ బర్తొలొమయ్య నవంబరులో ఇజ్నిక్ వెళ్లి కలిసి ప్రార్థించారు. అదే 2025లో మరో వార్షికోత్సవం కూడా ఉంది. అటవీ శాఖ పిలుపు మీద బర్మా నుంచి కరెన్ కుటుంబాలు మధ్య అండమాన్‌కు వచ్చింది 1925లో. మాయాబందర్ దగ్గర వెబి వారి తొలి ఊరు. అడవి నరకడంలో, పడవలు కట్టడంలో, వేటలో ఆరితేరిన ఈ జనం బాప్టిస్టులు. బర్మాలో 1828లో బాప్తిస్మం పొందిన కో తా బ్యూ నుంచి కరెన్ సంఘం లెక్క మొదలవుతుంది.

బాప్టిస్టు ఆరాధనలో సాధారణంగా నైసియా ప్రమాణం వినిపించదు. మన ఉత్తరాంధ్ర నుంచి దీవులకు వెళ్లిన తెలుగువారిలో ఎందరికో ఇది పుట్టినప్పటి నుంచీ అలవాటైన పద్ధతే. 1874లో కాకినాడలో కాలు మోపిన కెనడియన్ బాప్టిస్టు మిషన్ ఆ తీరం పొడవునా శ్రీకాకుళం దాకా పనిచేసింది. ప్రమాణం చెప్పనంత మాత్రాన వీరు త్రిత్వాన్ని నమ్మరనుకోవడం పొరపాటు. లండన్ బాప్టిస్టులు 1689లో వెలువరించిన విశ్వాస ఒప్పుకోలు దేవుని గురించీ క్రీస్తు గురించీ నైసియా చెప్పినదే చెబుతుంది. వారి అభ్యంతరం బలవంతం మీద. 17వ శతాబ్దపు ఇంగ్లండులో ప్రభుత్వం ఆమోదించిన ప్రార్థన గ్రంథం, సూత్రాలు ఒప్పుకోనివారు బోధిస్తే జైలే. ‘యాత్రికుని ప్రయాణం’ రాసిన జాన్ బన్యన్ 1660 నుంచి పన్నెండేళ్లు బెడ్‌ఫర్డ్ చెరలో గడిపింది అందుకే. మనస్సాక్షికి దేవుడొక్కడే యజమాని, రాజు కాదన్న మాటకు వారు చెల్లించిన ధర అది. ఆ ధర తెలిసినవారు బాప్టిస్టు మౌనాన్ని చులకన చేయలేరు.

పైగా బాప్టిస్టులకు వేరే రకం ప్రమాణం ఉంది. బాప్తిస్మం కోరేవాడు సంఘం ముందు నిలబడి ‘సాక్ష్యం’ చెప్పాలి. తన మాటల్లో, తన జీవితం నుంచి చెప్పాలి. సంఘం విని, అడగవలసినవి అడిగి ఒప్పుకోవాలి. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంగతి చాలామందికి తెలుసు. దానికి ముందు జరిగింది తక్కువమందికి తెలుసు. 1876-78 నాటి పెద్ద కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో వేలమందికి పని ఇప్పించాడు. పని దొరికే కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసం చేరారన్న మాట ఎవరికీ రాకూడదని, తిండికీ విశ్వాసానికీ ముడి పడకూడదని ఆయన పట్టుదల. సహాయక పనులు ముగిశాకే, తెలుగు బోధకులు వచ్చినవారిని ప్రశ్నించి చూశాకే నీళ్లలోకి దింపారు. పుస్తకంలో ఒక ప్రమాణం లేకపోయినా నమ్మకాన్ని ఎంత జాగ్రత్తగా చూశారో ఇక్కడ తెలుస్తుంది.

ఒక్క మాట దగ్గర రెండు లోకాలు

పరిశుద్ధాత్మ తండ్రి నుంచి బయలుదేరుతున్నాడని 381 నాటి ప్రమాణం. పశ్చిమ సంఘం దానికి ‘కుమారుని నుంచి కూడా’ అన్న మాట చేర్చుకుంది. రోమా ఆరాధనలో అది 1014లో అధికారికంగా చేరింది. అడగకుండా సభ తీర్పును ఎలా మారుస్తారని తూర్పు సంఘం నిలదీసింది. 1054 చీలికకు ఇదొక ముఖ్య కారణం. ఈ రోజుకీ పోర్ట్ బ్లేర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) ఒక రాంచీ కతోలిక కుటుంబం ఆ మాట చెబుతుంది, మలయాళీ ఆర్థొడాక్స్ కుటుంబం చెప్పదు. 2025లో ఇజ్నిక్‌లో పోప్, పాట్రియార్క్ కలిసి ప్రమాణం చెప్పినప్పుడు ఆ మాట లేకుండానే చెప్పారు.

ఒప్పుకోవాలి, అక్షరం అక్షరం కాదు

ఇక నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే సంగతి. మళ్లీ తరంగంబాడికే వెళ్లాలి. 1919 మే నెలలో 33 మంది సంఘ నాయకులు అక్కడ కూడారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. అజరయ్య అందులో ముఖ్యుడు. ఒకే దేవుని పేరుతో ఊరూరా వేర్వేరు గుళ్లు కట్టుకుని, విదేశాల్లో పుట్టిన చీలికలను మోస్తున్నామని వారి ఆవేదన. ఐక్యతకు ఆధారంగా నాలుగు అంశాలు పెట్టారు: బైబిలు, అపొస్తలుల-నైసియా ప్రమాణాలు, రెండు సంస్కారాలు, బిషప్పుల వ్యవస్థ. ప్రమాణాల దగ్గర అంత చిక్కు రాలేదు. బిషప్పుల దగ్గర, ఎవరు ఎవరికి అభిషేకం చేయాలన్న దగ్గర ఏళ్లకు ఏళ్లు చర్చలు సాగాయి. అజరయ్య 1945 జనవరి 1న చనిపోయాడు. దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు అప్పుడు బయటే ఉండిపోయారు, 1975లో చేరారు.

ఆ ఐక్యత పత్రంలో ఒక వివరణ ఉంది. రెండు ప్రమాణాల్లోని మూల సత్యాలు ఐక్యతకు చాలిన ఆధారమని ఒప్పుకుంటూనే, ప్రతి వ్యక్తీ అందులోని ప్రతి పదాన్నీ పదబంధాన్నీ ఒప్పుకుని తీరాలని అడగడం తమ ఉద్దేశం కాదని, తగినంత వ్యాఖ్యాన స్వేచ్ఛను కాదనడం లేదని రాశారు. ఒకపక్క ప్రార్థన గ్రంథం గట్టిగా పట్టుకున్న ఆంగ్లికన్లు, ఇంకోపక్క రాతపూర్వక ప్రమాణాలకు కట్టుబడటానికి జంకే కాంగ్రిగేషనల్ సంఘాలవారు ఒకే బల్ల దగ్గర కూర్చుని రాసిన మాటలవి. వదులుకోలేనిదేమిటో తేల్చుకుని, మిగతాచోట ఎదుటివాడి మనస్సాక్షికి చోటిచ్చారు. ఆంధ్ర, తెలంగాణల్లో సి.ఎస్.ఐ. సభ్యులు ఎందరో ఉన్నారు. తమ సంఘపు పునాదిలో ఈ స్వేచ్ఛ రాసి ఉందని వారిలో ఎందరికి చెప్పారు? చెప్పాలి.

ఉత్తరాన పని మరింత కష్టమైంది. 1929లో లక్నోలో మొదలైన చర్చలు 1970 నవంబరు 29న నాగ్‌పూర్‌లో ముగిశాయి. చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియాలో ఆరు సంఘాలు కలిశాయి. వాటిలో బాప్టిస్టులున్నారు. కొత్త నిబంధన తప్ప మరో ప్రమాణం వద్దనే బ్రెదరెన్ సంఘం ఉంది. క్రీస్తు తప్ప మరో ప్రమాణం వద్దనే డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్ ఉన్నారు. ప్రమాణాలు లేకుండా ఆరాధన ఊహించలేని ఆంగ్లికన్లూ ఉన్నారు. చంటిబిడ్డలకు ఇచ్చే బాప్తిస్మం, ఎదిగాక విశ్వసించి తీసుకునే బాప్తిస్మం రెండూ ఒకే సంఘంలో చెల్లుతాయని ఒప్పుకున్నారు. దక్షిణాసియా మెథడిస్టు సంఘం మాత్రం చివరి నిమిషంలో వెనక్కి తగ్గింది. అప్పటి అండమాన్ నికోబార్ బిషప్ రిచర్డ్‌సన్. ఆయన మండలం ఆ ఐక్యతలోకి నడిచింది. కార్ నికోబార్ విశ్వాసులు ఈ రోజు సభ్యులుగా ఉన్నది ఆ సంఘంలోనే.

ప్రమాణంలో లేనిది

చివరిగా ఒకటి. ప్రమాణాలు యేసు పుట్టుక నుంచి నేరుగా పిలాతు దగ్గరికి వెళ్లిపోతాయి. కొండమీది ప్రసంగం లేదు. కుష్ఠురోగిని తాకిన చెయ్యి లేదు. తప్పిపోయిన కుమారుని కథ లేదు. శత్రువును ప్రేమించమన్న ఆజ్ఞ లేదు. వివాదం పుట్టినచోట కంచె వేయడానికి తయారైన వాక్యాలు కాబట్టి వివాదం లేనివాటిని అవి చెప్పలేదు. ఆ ఖాళీని తెలుసుకోకపోతే, ప్రమాణం తప్పు లేకుండా చెప్పేవాడే మంచి క్రైస్తవుడన్న భ్రమ కలుగుతుంది. 2004 డిసెంబరు 26 ఆదివారం ఉదయం సునామీ నికోబార్ ఊళ్లను తుడిచిపెట్టింది. దానికి ముందు రోజే క్రిస్మస్. ఆ తర్వాత నికోబారీలు ఒకరినొకరు నిలబెట్టుకోవడంలో తుహెత్ కట్టుబాటూ, సంఘమూ రెండూ పనిచేశాయి. అది ఏ ప్రమాణంలోనూ రాసిలేని క్రైస్తవం. ప్రమాణం లేకపోతే ఆ ప్రేమ ఎవరి పేరు మీద అన్నది మరుగవుతుంది, ప్రేమ లేకపోతే ప్రమాణం వల్లెవేతగా మిగులుతుంది. నా లెక్కలో రెండూ కావాలి. రెండింటిలోనూ ముందు నేర్పవలసింది మాత్రం అర్థం.

మీ సంఘం ప్రమాణం చెప్పేదైతే ఈ ఆదివారం ఇంటికొచ్చాక పిల్లలను కూర్చోబెట్టుకుని ఒక్కో వాక్యం తీసుకుని ఇదెందుకు ఉందో చెప్పండి, వాళ్లు అడిగే ప్రశ్నలకు కోప్పడకండి. మీ సంఘం ప్రమాణం చెప్పనిదైతే, నమ్మేదేమిటో మీ సొంత మాటల్లో వాళ్లకు ఒకసారి సాక్ష్యంగా చెప్పండి. రెండు పద్ధతులవారూ మీ వీధిలోనే ఉండే ఉంటారు. వారి గుడికి వెళ్లి, వారు ఎలా ఆరాధిస్తారో ఒక ఆదివారం శ్రద్ధగా వినండి.